కర్పూరం ఆరేదాకా

కాటమయ్య భార్యను మకరపురి కొలువు చంపింది. ఇందులో వాదన లేదు, అనుమానం లేదు. సున్నం తెల్లగా ఉంటుందన్నంత నిజం.

కత్తితో చంపలేదు. ఒక ఆచారంతో చంపింది.

మకరపురిలో ఒకరి ప్రాణం కోసం రాజును వేడుకోవాలంటే బుట్టమాట చెప్పి తీరాలి. సభ మధ్యన మూతపెట్టిన వెదురుబుట్ట ఉంటుంది. అందులో చెయ్యి పెట్టి, అందిన వస్తువును బయటికి తీయాలి. పక్కన పళ్ళెంలో కర్పూరం వెలిగిస్తారు. అది ఆరేదాకా ఆ వస్తువు గురించి ఆగకుండా మాట్లాడాలి. ఆరేలోపు ఆ మాటను తన మనవి దగ్గరికి తెచ్చి చేర్చాలి. మధ్యలో నోరు ఆగితే మనవి చెల్లదు. వల్లె వేసుకొచ్చిన మాటలో అబద్ధం దాక్కుంటుందనీ, అప్పటికప్పుడు పుట్టిన మాటలో దాక్కోలేదనీ పూర్వపు రాజెవరో నమ్మాడు. ఆయనే ఇంకో కట్టడి కూడా చేశాడు. రక్తం పంచుకున్నవాళ్ళు బుట్టమాట చెప్పకూడదు. సభ గడప కూడా తొక్కకూడదు.

కాటమయ్య కొండకింద సున్నపుబట్టీ నడిపేవాడు. అతని భార్య చెంగల్వ అంతఃపురం గోడలకు సున్నం వేయడానికి వెళ్ళింది. ఆ రోజే రాణిగారి నీలమణి మాయమైంది. మంత్రి ధూమకేశుడు ఆమె మీద నేరం మోపాడు. మొగుడికి రక్తసంబంధం లేదు గనుక కాటమయ్య వెళ్ళి సభలో నిలబడ్డాడు. బుట్టలోంచి నెమలి ఈక వచ్చింది.

"ఇది నెమలి ఈక" అన్నాడు.

అంతే. బట్టీ దగ్గర పుట్టి పెరిగినవాడు. నోరు తెరిస్తే నాలుక కాలే పని అది. సభ పగలబడి నవ్వింది. కర్పూరం తీరిగ్గా కాలి ఆరింది. మర్నాడు ధూమకేశుడు చాటింపు వేయించాడు. చెంగల్వ మణిని నోట పెట్టుకుని చెరసాల కిటికీలోంచి కందకంలో దూకిందట. మొసళ్ళు ఆనవాలు కూడా మిగల్చకుండా తిన్నాయట. మణి కూడా వాటి పొట్టలోకే పోయిందట.

అక్క ఏమైందో అడగడానికి వెళ్ళిన తమ్ముడు గంగుల్ని ఇప్పుడు చెరలో వేశారు. దొంగకు తోడుదొంగ అన్నారు. జాతరనాడు వాణ్ణీ మొసళ్ళకు వేస్తారని దండోరా మోగింది.

ఆ దండోరా వినగానే చెంగల్వ తల్లి బయ్యమ్మ బట్టీ దగ్గరికి వచ్చింది. సంతల్లో వేళ్ళూ లేహ్యాలూ అరిచి అమ్ముకునే మనిషి. ఆమె గొంతెత్తితే పక్క సంతలో బేరం ఆగేది. కూతురు పోయాక అల్లుడి మొహం చూడటం అదే మొదలు.

"నోరు మూసుకుని నా కూతుర్ని చంపినావు. నోరు తెరిచి నా కొడుకునన్నా బతికించు" అంది.

"చంపింది నేను కాదు, కొలువు."

"ఆ ముక్క ఆ రోజు కొలువులో అని ఉండాల్సింది."

కాటమయ్య బట్టీలోకి కట్టెలు తోశాడు. అంత మంటలో కూడా ఆ మాట చల్లగా తగిలింది.

"నీకు మాటలు నేర్పే ఓర్పు నాకు లేదు. కానీ రక్తం కలవని నా మనిషివి ఈ లోకంలో నువ్వొక్కడివే మిగిలినావు. నా ఖర్మ. లే." నేలమీది కుండపెంకు తీసి అతని రొమ్ముకేసి కొట్టింది. "దీని సంగతి చెప్పు."

"కుండపెంకు."

"ఇంకా?"

"పగిలింది."

చింతబరికె వీపున పడింది. బట్టీ పొగలో నిలబెట్టే ఆమె అతనికి పాఠం చెప్పింది. ఎందుకంటే ధూమకేశుడి మైనాలు రాజ్యమంతా చెట్టుచెట్టునా కూచుని ఉంటాయి. విన్నది విన్నట్టు వెళ్ళి అతని చెవిలో ఊదుతాయి. పొగ దగ్గరికి మాత్రం అవి రావు.

"పైకి చూడబాక. మాటలు గాల్లో వేలాడతా ఉండవు. చేతిలో ఉన్నదాన్ని చూడు. అంచు నల్లగా ఉందా? అంటే పొయ్యెక్కిన కుండ. పొయ్యెక్కిందంటే ఎవరో వండినారు. వండింది ఎవరికి? వాళ్ళు తిన్నాక పగిలిందా, తినకముందా? అదిగో, మనిషి వచ్చేసినాడు. మనిషి వచ్చినాక మాట ఆగదు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ బరికె.

"మొదటిమాట చిన్నదిగా వెయ్యి. పెద్దమాటతో మొదలుపెడితే దాని బరువుకే కూలబడతావు. ఊపిరి మాట చివర తీసుకో, నడిమధ్య తీసుకోబాక. సభలో అందరినీ చూడబాక. నీ చావు కోరుకునే మొహం ఒక్కటి వెతుక్కో. వాడికే చెప్పు."

"ఇక్కడ ఎవడున్నాడు అట్లాంటివాడు?"

"నేను లేనా?"

ఉల్లిగడ్డ ఇచ్చింది. ఎండిన తేలు ఇచ్చింది. తన పుచ్చిపోయిన పన్ను ఊడదీసి చేతిలో పెట్టింది. కాటమయ్య తిట్టుకుంటూ, తడబడుతూ, చెమటలు కక్కుతూ మాట్లాడాడు. ఉల్లిగడ్డ దగ్గర మొదలై ఏడవడం చేతకాని రాజు దగ్గరికి చేరాడు. తేలు కొండి దగ్గర మొదలై మంత్రి కొండేల దగ్గరికి చేరాడు. కర్పూరం బిళ్ళలు ఒకటొకటిగా ఆరిపోయాయి, అతని నోరు ఆగలేదు.

ఒకనాడు బయ్యమ్మ అతని చేతిలో సున్నపు కుంచె పెట్టింది. చెంగల్వ కుంచె. పిడి ఆమె వేళ్ళకు తగ్గట్టు అరిగిపోయి ఉంది.

కాటమయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. బరికె విరిగేదాకా కొట్టినా రాలేదు.

"ఇది తప్ప ఏదన్నా ఇవ్వు" అన్నాడు చివరికి.

బయ్యమ్మ విరిగిన బరికె పొయ్యిలో వేసింది. "ఆ రోజూ ఇట్లాగే నిలబడినావన్నమాట" అని, ఉమ్మి, వెళ్ళిపోయింది.

* * *

జాతర దగ్గరపడింది. కాటమయ్య మేకవెంట్రుకల గడ్డం తగిలించి, తలకు పాగా చుట్టి, మందులవాడి వేషం కట్టాడు. భుజాన సంచిలో తడి తగలని రాతిసున్నం నింపుకున్నాడు. ఎవరైనా అడిగితే కడుపునొప్పి మందు అని చెప్పాలి. రాజబాట నిండా మైనాలే కాబట్టి ఇద్దరూ భూతాలలోయ దారి పట్టారు.

ఆ లోయలో రెండు కొండలు ఒకదాన్నొకటి తినబోతున్నట్టు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంటాయి. రాళ్ళు ఎండిన నెత్తురు రంగు. గడ్డిపరకలు ఇనుపసూదుల్లా నిలబడి గాలికి కూడా కదలవు. వాగు అడుగున నీళ్ళకు బదులు తెల్లటి ఎముకలు మెరుస్తుంటాయి. ఆ నడుమ, ఆకాశానికి అడ్డంగా, తాటిచెట్టుకు రెండింతల రాతిభూతం. కళ్ళు లేవు. చెవులు మాత్రం చేటలంత.

బయ్యమ్మ లోయ అంచున ఆగింది. "మనిషి గొంతు వినబడినంతసేపు అది రాయి. గొంతు ఆగితే నడుస్తాది. అన్నమాటే మళ్ళీ అన్నా నడుస్తాది. ఈ దాపున నేను మూలికలకు తిరిగినదాన్ని. నువ్వు మూసుకుని నడువు, మాట నాది."

ఆమె గొంతెత్తింది. శొంఠి గుణాలు, పిప్పళ్ళ ధర, సంతలో తన దగ్గర అరువు పెట్టి ఎగ్గొట్టిన ప్రతివాడి వంశం చెప్పుకుంటూ పరుగులాంటి నడక నడిచింది. భూతం కదల్లేదు. సగం దారి దాటారు. అప్పుడు కొండమీదినుంచి ఒక బండముక్క జారి ఆమె దవడకు తగిలింది. ఆమె వెల్లకిలా పడింది. నోరు నెత్తురు నిండింది.

లోయంతా ఒక్కసారిగా నిశ్శబ్దం.

భూతం కాలెత్తింది. కొండ కదిలినట్టు కదిలింది.

కాటమయ్య అత్తను ఎత్తి భుజాన వేసుకున్నాడు. చూపు ఆనడానికి ఏమీ లేదు. ఆమె తప్ప. "ఇది మా అత్త" అని అరిచాడు.

కాలు గాల్లో ఆగింది.

"బరువు చూస్తే బస్తా, నోరు చూస్తే బూరా. ముక్కుకు ఒకటే బేసరి, రెండోది సంతలో కొట్లాడి పోగొట్టుకుంది. ఈ మడమలు చూడు, పగుళ్ళలో తేలు కాపురం పెట్టొచ్చు. ఈ మడమలతోనే నా పెళ్ళిలో పందిరంతా తిరిగి, వచ్చినవాడికల్లా అల్లుడు మూగోడని చెప్పింది. ఆ రోజు వండిన పప్పు ఉడకలేదు. అన్నంలో రాళ్ళు. నేను నమిలాను. మా నాయన మింగాడు. మా మేనత్తకు పన్ను విరిగింది…"

భూతం కాలు గాల్లోనే ఉంది. దాని నీడలోంచి, బొటనవేలి కిందినుంచి, కాటమయ్య పరుగెత్తాడు. పప్పు అయిపోతే పులుసు అందుకున్నాడు. పులుసు అయిపోతే పెళ్ళిలో ఆమె పెట్టిన చీర అందుకున్నాడు. ఇన్నేళ్ళు మింగినవన్నీ ఒకటి వెనక ఒకటి బయటికి వచ్చాయి. ఒక్కటీ రెండుసార్లు రాలేదు. లోయ దాటి పచ్చగడ్డిమీద పడేటప్పటికి అతని గొంతు పుండైంది గానీ మాట ఇంకా మిగిలే ఉంది.

బయ్యమ్మ లేచి కూచుని నెత్తురు ఉమ్మింది.

"పప్పు అంత ఘోరంగా ఉన్నిందా?"

"ఉన్నింది."

ఆమె దవడను రెండు చేతులా నొక్కుకుంది. తర్వాత, నొప్పికి ఒళ్ళు మరిచి, గట్టిగానే అనేసింది. "ఇంక బుట్టలో ఏది వచ్చినా గెలుస్తావు. చెంగల్వది మాత్రం రాకుండా ఉంటే చాలు. దాని వస్తువు కనబడితే నీ నాలుక చచ్చిపోతాది."

తలపైన రేగుకొమ్మ ఊగింది. ఒక మైనా మెడ వంచి కిందికి చూసింది. కాటమయ్య రాయి విసిరాడు. తగల్లేదు. మైనా నేరుగా మకరపురి వైపు ఎగిరిపోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నన్ను తిట్టు" అంది బయ్యమ్మ.

"ఊపిరి దండగ" అని కాటమయ్య గడ్డం పీకి అవతల పారేశాడు. వేషంతో ఇక పని లేదు.

* * *

కోటద్వారం బార్లా తెరిచి ఉంది. కాపలావాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. అది మర్యాద కాదని కాటమయ్యకు తెలుసు. గడప దగ్గర బయ్యమ్మను ఈటె అడ్డం పెట్టి ఆపారు. ఆమె గంగుల్ని కన్నతల్లి, రక్తం పంచుకున్నది. ఆమెకు లోపల చోటు లేదు. "కందకం మెట్ల దగ్గర పడవతో ఉంటా" అని మాత్రం చెప్పి ఆమె వెనక్కి తిరిగింది.

మకరపురి సభ కందకం మీదనే కట్టింది. వెయ్యి స్తంభాలకు మొసలి తలలు చెక్కి, ఆ నోళ్ళలో దీపాలు పెట్టారు. పైకప్పు నిండా పొదిగిన ముత్యాలు, కింద అద్దంలాంటి నల్లరాయి. నేల నడుమ ఒక ఇనుపతలుపు. దాని కింద నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి, వాటిలో ఏవో బరువుగా దొర్లుతున్నాయి. ఆ తలుపు మీద గంగుల్ని గొలుసులతో నిలబెట్టారు. విజయకుంజర మహారాజు గద్దెమీద ద్రాక్షపండ్లు తింటున్నాడు. ఆయనకు ఒక పక్క రాణి, ఇంకో పక్క ధూమకేశుడు. అతని తలమీద వెంట్రుకలు వెంట్రుకలు కావు, మెలికలు తిరిగే పొగ.

"నెమలి ఈక వచ్చాడోయ్!" అన్నాడు ఒక సామంతుడు. సభ గొల్లుమంది.

"ఈసారి ఈకేనా, కోడినే తెచ్చావా?" అన్నాడు ఇంకొకడు.

గంగులు బావను చూసి కళ్ళు మూసుకున్నాడు. వాడికీ ఆశ లేదు.

ధూమకేశుడు స్వయంగా బుట్ట తెచ్చి ముందు పెట్టాడు. "తీయవయ్యా సున్నాలవాడా. నీకోసమే నింపాను."

కాటమయ్య చెయ్యి పెట్టాడు. బుట్టంతా తడిమాడు. ఒకటే వస్తువు ఉంది. అది చూడకముందే, వేలి కొసకు తగలగానే అతనికి తెలిసిపోయింది.

వెండిమెట్టె.

చెంగల్వ కాలి మెట్టె. పెళ్ళిలో తను తొడిగింది. ఒక పక్క సొట్ట. సున్నపురాయి పడి వంగితే తనే సుత్తితో సరిచేశాడు, సరిగా రాలేదు.

పళ్ళెంలో కర్పూరం భగ్గుమంది.

నాలుక కదల్లేదు. కుంచె చేతికిచ్చిననాటిలాగే అంగిలికి అంటుకుపోయింది. సభలో ఎక్కడో ఒక నవ్వు మొదలై వరసవరసకూ పాకింది. మంట సగం బిళ్ళను తిన్నది. కాటమయ్య తలెత్తాడు. ఎన్నో మొహాలు. వాటిలో తన చావు కోరే మొహం ఒకటి. ధూమకేశుడు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటున్నాడు.

ఆ మొహానికి చెప్పాడు.

"ఇది మెట్టె."

సభ కేకలు పెట్టింది. "ఇది నెమలి ఈక! ఇది మెట్టె!"

"వెండిది. ఒక పక్క సొట్ట. ఈ సొట్ట నా సుత్తిది. వేరే చేయిస్తానంటే నా పెళ్ళాం ఒప్పుకోలేదు. నడిస్తే ఇది ఒక పక్కకు ఒరిగి రాయికి గీసుకునేది. బట్టీ దగ్గర ఎంత పొగలో ఉన్నా ఆ గీతచప్పుడు వింటే అన్నం వచ్చిందని నాకు తెలిసేది. రోజంతా సున్నంలో ఉండి ఇది నల్లబడేది. పొద్దుగూకేవేళ గుమ్మంలో కూచుని చింతపండుతో తోమేది. మళ్ళీ నల్లబడుతుందని తెలుసు, అయినా తోమేది. నేను చూస్తూ కూచునేవాణ్ణి. బాగుందని ఒక్కనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా. బాగుంది."

నవ్వులు తగ్గాయి. రాజు చేతిలో ద్రాక్షగుత్తి ఆగింది.

ధూమకేశుడు చిటికె వేశాడు. అతని తలనుంచి పొగ పాములా దిగి కాటమయ్య ముక్కులో, నోట్లో దూరింది. ముందువరసలో ఉన్నవాళ్ళు దగ్గి దగ్గి వంగిపోయారు. కాటమయ్య దగ్గలేదు. పొగలో పుట్టినవాడికి పొగ ఒక లెక్కా?

"మెట్టె మొగుడు తొడుగుతాడు. మొగుడు పోయిననాడే తీస్తారు. మా బట్టీల్లో అంతే, మీ మేడల్లో అంతే. ఇక్కడ కూచున్న ఏ అమ్మనైనా అడగండి. నేను బతికే ఉన్నాను. నేను బతికుండగా దీన్ని ఆమె కాలినుంచి ఊడదీసింది ఎవరు? ఆమె కందకంలో దూకిందన్నారు. మొసలి ఆనవాలు లేకుండా తిన్నదన్నారు. మొసలి తిన్నదాని మీద పంటిగాటు ఏది? మొసలి పొట్టలో ఉండాల్సింది మంత్రిగారి బుట్టలో ఎందుకుంది? మెట్టె మొసలి పొట్టలోకి పోలేదంటే, నీలమణి పోయిందా? అక్క చెయ్యని దొంగతనానికి తమ్ముడు తోడెట్లా అవుతాడు? ప్రభూ, నా మనవి ఒకటే. గంగుల్ని విడిపించండి. అడగాల్సింది వాణ్ణి కాదు, బుట్ట నింపిన చేతిని."

కర్పూరం ఆరింది.

రాణి గద్దెమీద వంగి తన కాలి మెట్టెల వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత ధూమకేశుడి వైపు చూసింది.

"మంత్రీ" అన్నాడు రాజు, "ఇది నీ దగ్గరికి ఎట్లా వచ్చింది?"

ధూమకేశుడు బ్రహ్మచారి. మంత్రాలన్నీ తెలుసు. ఆడదాని కాలి మెట్టెకు వెనక ఒక మొగుడి ప్రాణం ఉంటుందన్న సంగతి అతని బుర్రలో ఎన్నడూ దూరలేదు. సున్నాలవాడి నోరు మూయించాలనుకున్నాడు, తన నోరు తనే తెరుచుకున్నాడు. కోపం పట్టలేకపోయాడు.

"చచ్చినదానికి వెండి ఎందుకని నేనే ఊడబెరికాను! మణి నేను తీస్తుంటే గోడమీదినుంచి చూసింది. చూసిన కళ్ళు మూశాను. ఏం చేస్తావు, రాజా?"

అతని పొగజడ విచ్చుకుంది. నడినెత్తిన నీలమణి భగభగ మండింది. కాలితో నేలను తన్నాడు. ఇనుపతలుపు విడిపోయింది. గొలుసులతో సహా గంగులు నీళ్ళలో పడ్డాడు.

కాటమయ్య మెట్టెను నోట కరుచుకుని, సంచితో సహా వెంటనే దూకాడు.

కందకం చీకటి, చల్లదనం. నాలుగువైపులనుంచి కోరల వరసలు తెరుచుకున్నాయి. అతను సంచి మూతి చింపాడు. రాతిసున్నం నీళ్ళను తాకిన చోటల్లా బుసకొట్టింది. కందకం పొయ్యిమీది ఎసరులా తెర్లింది. మొసళ్ళు తోకలు కొట్టుకుంటూ ఒకదానిమీద ఒకటి పడి పారిపోయాయి. చర్మం మండుతుంటే కాటమయ్య గంగుల జుట్టు పట్టి ఈడ్చాడు. మెట్ల దగ్గర పడవ ఉంది. బయ్యమ్మ తెడ్డు అందించింది, కొడుకును లోపలికి లాగింది, వాడి మొహం అటూ ఇటూ తిప్పి చూసి లెంపకాయ కొట్టింది. అప్పుడు ఏడ్చింది.

వెనక సభ కప్పు పగిలి ముత్యాలు వడగళ్ళలా రాలాయి. ఆ కన్నంలోంచి నల్లటి పొగ లేచి గద్దలా రెక్కలు విప్పింది. దాని నెత్తిన నీలిమంట, గోళ్ళలో మహారాజు. అది కోటచుట్టూ ఒకసారి తిరిగి పడవ వైపు వంగింది.

"ముందు వరదమదుం! నీళ్ళు పోయే ఆ తూములో దూరితే అది మనల్ని పట్టలేదు" అని గంగులు అరిచాడు.

కాటమయ్య తెడ్డు వేశాడు. మెట్టెను నోట్లోంచి తీసి మొలతాడుకు కట్టుకున్నాడు. బయ్యమ్మ దాన్ని చూసింది. పొగను చూడలేదు, మదుం చూడలేదు. దాన్నే చూసింది.

"అది వచ్చిందా బుట్టలో?"

అతను తెడ్డు ఇంకా గట్టిగా వేశాడు.

"దాన్ని పట్టుకుని మాట్లాడినావా? నా బిడ్డ గురించి ఏమన్నావు? నన్ను గడప తొక్కనీలేదు కదరా. ఊళ్ళో కానివాళ్ళంతా విన్నారు, కన్నదాన్ని నేను వినలేదు. ఒక్కసారి చెప్పు. నేర్పిందాన్ని నేనే కదా."

"చెప్పాల్సిన చోట చెప్పినాను."

"నువ్వన్నా చెప్పరా గంగులూ. ఏమన్నాడు మీ బావ?"

గంగులు నోరు తెరిచాడు.

"వాడు పలికితే వాణ్ణి మళ్ళీ నీళ్ళలోకే తోస్తా" అన్నాడు కాటమయ్య. నీలిమంట వాళ్ళ నెత్తిమీదికి దిగుతోంది. నీళ్ళు దాని రంగుకు తిరిగాయి. అతను తలెత్తి చూడలేదు. "విను అత్తా. మంత్రి మెడ విరిచేదాకా నీ వెంట వస్తా. దారిలో రాయి గురించి అడుగు, రప్ప గురించి అడుగు, ఆ పప్పు గురించి అడుగు, చెబుతా. దాని గురించి మాత్రం నా నోట ఇంకోమాట రాదు. ఇప్పుడు రాదు, గెలిచినాక రాదు, చచ్చేటప్పుడు కూడా రాదు. అడగబాక."

పడవ మదుం చీకట్లోకి దూరింది.